గైల్ పిల్లిమొగ్గ కిక్ పడటం లేదు, ప్రతిసారీ ఉత్త గెంతు పడుతోంది

గుంటూరు_బూమ్ · శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

చిన్నప్పుడు బస్టాండు వెనక వీడియో గేమ్ షాపులో స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఇద్దరి కొట్లాట ఆట ఆడేవాణ్ణి. రూపాయి బిళ్ళకి ఒక ఛాన్స్. అందులోని పాత్రల్లో నేను పట్టుకునేది ఎప్పుడూ గైల్‌నే. ఆకుపచ్చ ప్యాంటు, చీపురుకట్టలా నిలబడ్డ పసుపు జుట్టు, వెనక యుద్ధ విమానం. మా బ్యాచ్ మొత్తంలో పల్టీ కిక్ సరిగ్గా పడేది నాకూ, మా పెదనాన్న కొడుక్కీ మాత్రమే. దాన్ని మేం పిల్లిమొగ్గ కిక్ అనేవాళ్ళం. ఫ్లాష్ కిక్ అనే పేరుందని ఇంజినీరింగ్‌లో చేరాక గానీ తెలియలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు స్ట్రీట్ ఫైటర్ 6 కొన్నాను. సోనిక్ బూమ్ (చేతులు విసిరి దూరం నుంచే వదిలే దెబ్బ) పదికి ఎనిమిది సార్లు పడుతోంది. పిల్లిమొగ్గ మాత్రం పదికి మూడే. మిగతా ఏడు సార్లు గైల్ ఉత్తినే గాల్లోకి గెంతుతాడు, ఎదుటివాడు కింద నిలబడి తీరిగ్గా కొడతాడు. ట్రైనింగ్ మోడ్‌లో బాగానే పడుతుంది. మ్యాచ్‌లో ఎవడైనా నా మీదకి గెంతగానే టెన్షన్, వేళ్ళు బిగుసుకుపోతాయి. నాది మామూలు ప్యాడ్. ఎక్కడ పొరపాటు చేస్తున్నానో కాస్త చెప్పండి.

చార్జ్_చంద్రం · శనివారం, రాత్రి 11:48

స్వాగతం అన్నా. పదికి మూడు పడుతోందంటే చెయ్యి తిరగడం మొదలైనట్టే.

ఈ కిక్‌కి కిందకి కాసేపు నొక్కిపట్టుకుని (దాన్నే చార్జ్ అంటాం), తర్వాత పైకి, కిక్ నొక్కాలి కదా. గెంతు పడటానికి కారణాలు రెండే. చార్జ్ నిండకముందే పైకి నొక్కడం ఒకటి. చార్జ్ నిండినా, పైకి నొక్కిన తర్వాత కిక్ ఆలస్యం కావడం రెండోది. రెండు జబ్బులకీ మందు వేరు కాబట్టి ముందు మీది ఏదో తేల్చుకోవాలి. ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే పెట్టుకోండి. నొక్కిన ప్రతి దిక్కు పక్కన, దాన్ని ఎన్ని ఫ్రేములు పట్టుకున్నారో అంకె కనిపిస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు. పాత ఆటలో పిల్లిమొగ్గకి ఇంచుమించు ఒక సెకను కింద పట్టుకోవాల్సి వచ్చేది, 6లో అంతకంటే కాస్త తక్కువే చాలు.

చార్జ్ నిండకపోతే కారణం మామూలుగా ఇది. కింద-వెనక్కి పట్టుకుని కూర్చుని ఉంటాం. ఎదుటివాడు గెంతుతాడు. "గట్టిగానే పట్టుకున్నానా?" అని అనుమానం వచ్చి, మనకి తెలియకుండానే బొటనవేలు ఒకసారి వదిలి మళ్ళీ నొక్కుతుంది. అంతే, నిండిన కుండ ఒలికిపోయినట్టు చార్జ్ మళ్ళీ మొదటికి వస్తుంది. మనకేమో సెకను నుంచీ పట్టుకునే ఉన్నాం అనిపిస్తుంది. నాకు ఇది ఆరు నెలలు పట్టింది. తెర మీద అంకె 9 అని చూశాక గానీ నమ్మలేదు.

రెండో కారణం అయితే ఇలా. పైకి నొక్కగానే గైల్ వెంటనే నేల వదలడు. 4 ఫ్రేముల పాటు మోకాళ్ళు వంచి గెంతడానికి సిద్ధమవుతాడు. కిక్ ఆలోపు పడాలి. సెకనులో పదిహేనో వంతు అన్నమాట. "పైకి, తర్వాత కిక్" అని మనసులో రెండు పనులుగా అనుకుంటే ఆలస్యం అవుతుంది. చప్పట్లు కొట్టేటప్పుడు రెండు చేతులూ కలిసినట్టు, రెండు బొటనవేళ్ళూ ఒక్క దెబ్బలో కదలాలి.

గుంటూరు_బూమ్ · ఆదివారం, ఉదయం 7:05

చూశాను చంద్రం గారూ. మీరు చెప్పిందే! అంకెలు 14, 22, ఒకసారి 6. నేను వదులుతున్న సంగతే నాకు తెలియదు.

పొద్దున్నే ఇంకో సంగతి గుర్తొచ్చింది. షాపులో నేను ఆడుతుంటే మా అన్న వెనక నిలబడి "కూర్చో... కూర్చో... కూర్చో... లే!" అని అరిచేవాడు. అతను ఆడితే నేను అరిచేవాణ్ణి. చార్జ్ అనే మాటే తెలియదు మాకు. కాసేపు కూర్చుంటేనే లేచి కొడతాడు అని మాత్రం కనిపెట్టాం. ఎలా కనిపెట్టామో గుర్తులేదు. షాపాయన చెప్పేవాడు కాదు, అడిగితే "ఆడితే ఆడు, లేకపోతే పక్కకి జరుగు" అనేవాడు.

రెట్రో_రాజు · ఆదివారం, ఉదయం 8:31

గుంటూరు గారూ, మీరు "కూర్చో... లే!" అనగానే నా ఒళ్ళు జలదరించింది. మా ఊళ్ళో "నొక్కిపట్టు, నొక్కిపట్టు, కొట్టు" అనేవాళ్ళు. తెలుగు ఊళ్ళలో ఎన్ని షాపులుంటే అన్ని మంత్రాలు ఉండి ఉంటాయి.

పేరు గురించి ఒక ముఖ్యమైన మాట. క్యాప్‌కామ్ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 తెచ్చినప్పుడు జపాన్‌లో ఈ దెబ్బ పేరు సమర్‌సాల్ట్ కిక్. ఫ్లాష్ కిక్ అన్నది ఇంగ్లిష్ వెర్షన్‌లో పెట్టిన పేరు. 2023లో వచ్చిన 6లో ఇంగ్లిష్‌లో కూడా సమర్‌సాల్ట్ కిక్ అనే వేశారు, మూవ్ లిస్ట్ తెరిచి చూడండి. సమర్‌సాల్ట్ అంటే పిల్లిమొగ్గే కదా! మీ బ్యాచ్ పిల్లలు బొమ్మ చూసి పెట్టిన పేరు జపాన్‌లో పెట్టిన పేరుకి అచ్చ తెలుగు. దీనికి నేను పొద్దున్నుంచీ ఆనందపడుతున్నాను.

పేర్లు మారడం ఆ ఆటకి కొత్త కాదు. జపాన్‌లో బాక్సర్ పేరు ఎం. బైసన్. నిజం బాక్సర్ మైక్ టైసన్‌ని గుర్తుచేస్తుంది, కేసు పడుతుందేమో అని అమెరికాకి వచ్చేసరికి ముగ్గురు బాసుల పేర్లూ అటూ ఇటూ మార్చేశారు. బాక్సర్ బాల్‌రాగ్ అయ్యాడు, గోళ్ళవాడు వేగా అయ్యాడు, ఎర్ర యూనిఫామ్ నియంత బైసన్ అయ్యాడు. మనకి వచ్చింది ఆ రెండో లెక్కే.

షాపుల్లో మిషన్లు గుర్తున్నాయా? మా దగ్గర ఒకదాంట్లో గైల్ గాల్లో ఉండి కూడా బూమ్ వేసేవాడు, బూమ్ పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళేది. అది క్యాప్‌కామ్ చేసింది కాదు. 1992 నాటి ఛాంపియన్ ఎడిషన్‌ని ఎవరో మార్చేసిన రెయిన్‌బో ఎడిషన్. అలాంటి మార్పు చిప్పులు లోకమంతా తిరిగాయి. వాటి వేగం జనానికి అలవాటైందని చూసి క్యాప్‌కామ్ కూడా అదే ఏడాది హైపర్ ఫైటింగ్ పేరుతో వేగం పెంచిన ఆట తెచ్చింది. నేను మాత్రం చాలాకాలం మెలికల బూమే అసలైనదని నమ్మాను. తర్వాత కంప్యూటర్‌లో అసలు వెర్షన్ ఆడి, బూమ్ సాఫీగా వెళ్తుంటే ఏదో పాడైందనుకున్నాను.

కాజీపేట_కెన్ · ఆదివారం, ఉదయం 10:12

అందరూ గైల్‌ని మెచ్చుకుంటున్నారు కాబట్టి ఎదుటి పక్షం మాట కూడా వినండి. నేను స్ట్రీట్ ఫైటర్ 4 నుంచీ కెన్ అనే పాత్రతోనే ఆడుతున్నాను. గైల్‌తో ఆడటం అంటే మూసిన తలుపుని తన్నడం. వాడు మూల కూర్చుని బూమ్ వేస్తాడు. బూమ్ ఆపితే ఇంకో బూమ్. విసిగి గెంతితే పిల్లిమొగ్గ. నేను కష్టపడి ముందుకు వెళ్ళాలి, గురి చూసి కొట్టాలి. వాడు కూర్చుంటే చాలు. కూర్చోవడానికి ఆ ఆట అంత విలువ ఎందుకివ్వాలి? ఇది మనస్ఫూర్తిగా అడుగుతున్న ప్రశ్న, గొడవకి కాదు.

చార్జ్_చంద్రం · ఆదివారం, ఉదయం 11:40

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది, కానీ అవతలి కుర్చీలో ఒకసారి కూర్చుని చూడు.

గైల్ దగ్గర ఉన్న పెద్ద ఆయుధాలు రెండు. ఒకటి వెనక్కి పట్టుకుంటే వస్తుంది, ఒకటి కిందకి పట్టుకుంటే వస్తుంది. కింద-వెనక్కి మూలలో పట్టుకుంటే రెండూ ఒకేసారి నిండుతాయి. అందుకే అక్కడ కూర్చుంటాడు. అయితే ఒక్క అడుగు ముందుకు వేశాడో, రెండూ పోయాయి. నీ కెన్ నడుస్తూ నడుస్తూ షోర్యుకెన్ (పైకి లేస్తూ గుద్దే దెబ్బ) కొట్టగలడు. నా గైల్ నడిచేటప్పుడు ఖాళీ చేతులతో ఉంటాడు. నువ్వు ఆ సంగతి గమనించాలి. గైల్ లేచి నిలబడి ముందుకు నడుస్తున్న ఆ కాసేపట్లో పిల్లిమొగ్గ లేదు. అప్పుడు గెంతు.

మంచి గైల్ ఆటగాడికి ఆట అంతా ఈ లెక్కే. మెల్లగా వెళ్ళే లైట్ బూమ్ వేస్తాడు. అది నీ దాకా వచ్చేలోపు దాని వెనకే నడుస్తాడు. చార్జ్ పోతుందని తెలిసే నడుస్తాడు, ఎందుకంటే బూమ్ నీ ముందు గోడలా ఉంది. నువ్వు ఆపగానే మళ్ళీ కూర్చుంటాడు. నువ్వు బూమ్ మీదుగా గెంతావా, అతను ఎప్పుడు కూర్చున్నాడన్నదే ప్రశ్న. సెకను ముందు కూర్చుంటే నువ్వు నేల మీద పడతావు. అరసెకను ముందే అయితే అతను చార్జ్ అక్కర్లేని కింద-హెవీ పంచ్‌తో సర్దుకోవాలి. దాని అందుబాటు తక్కువ, పొరపాటైతే నీ కాంబో (వరస దెబ్బలు) మొదలు. ఆ తేడా నీ కళ్ళకి కనపడదు, అందుకే అది గోడలా అనిపిస్తుంది.

ఇంకో మాట. పిల్లిమొగ్గని నువ్వు బ్లాక్ చేస్తే గైల్ గాల్లోంచి దిగేదాకా నీ సొంతం. ఎంత పెద్ద కాంబో అయినా కొట్టు. అన్ని రకాల దెబ్బల్నీ దాటి వచ్చేది రెండు కిక్కులు కలిపి నొక్కే ఓవర్‌డ్రైవ్ రకం, దానికి డ్రైవ్ గేజ్ అనే శక్తి కొలతలో 6 గడుల్లో 2 ఖర్చు. ఊరికే వచ్చే దెబ్బ కాదు.

కాజీపేట_కెన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

నడిచేటప్పుడు ఖాళీ చేతులు అన్న మాట ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నేను ఎప్పుడూ అతను కూర్చున్నప్పుడే విసిగి గెంతుతున్నాను. రాత్రి చూస్తాను.

చున్‌లీ_సిరి · ఆదివారం, మధ్యాహ్నం 2:03

చంద్రం అన్నా, చార్జ్ మాట వచ్చింది కాబట్టి నేను ఆడే పాత్ర చున్‌లీ తరఫున నాదో మాట. స్పిన్నింగ్ బర్డ్ కిక్ కూడా కింద పట్టుకుని పైకి-కిక్కే. మొదటి స్ట్రీట్ ఫైటర్ 2లో అలాగే, 6లో కూడా అలాగే. తలకిందులై, కాళ్ళు రెండు పక్కలకి చాపి, ఫ్యాన్ రెక్కల్లా తిరుగుతూ వెళ్తుంది. పిల్లిమొగ్గ నిలువునా వెళ్తే ఇది అడ్డంగా వెళ్తుంది. ఒకే నొక్కుడుకి రెండు వేర్వేరు పనులు. గైల్ తన చోటు కాపాడుకుంటాడు, చున్‌లీ ఎదుటివాడి చోటులోకి వెళ్తుంది.

నేను ఈ ఆటలోకి వచ్చిందే ఆమె కాళ్ళ వల్ల. 2004 ఈవో టోర్నమెంట్‌లో జస్టిన్ వాంగ్ చున్‌లీ సూపర్ (అన్నిటికంటే పెద్ద దెబ్బ) వేస్తే, డైగో ఉమెహారా కెన్ ఒక్కో కిక్కునీ ప్యారీ చేసుకుంటూ (సరిగ్గా ఆ క్షణంలో అడ్డుకుంటూ) వచ్చి గెలిచిన వీడియో మా అన్నయ్య చూపించాడు. అందరూ డైగో కోసం చూస్తారు. నేను మాత్రం ఆ కిక్కులు ఎంత అందంగా ఉన్నాయో చూశాను. పదిహేను కిక్కులు, ఒక్కటి తగిలినా కెన్ పని అయిపోయేది.

పల్టీ_పద్మ · ఆదివారం, సాయంత్రం 4:45

గేమ్ నాకు పెద్దగా రాదు, మా అబ్బాయి ఆడతాడు. కానీ స్కూల్లో ఆరేళ్ళు జిమ్నాస్టిక్స్ చేశాను, కాబట్టి ఈ చర్చలో ఒక దిద్దుబాటు.

పిల్లిమొగ్గ అంటే తల నేలకి ఆనించి ముందుకు దొర్లడం. చిన్నపిల్లలు పరుపు మీద వేస్తారే, అది. గైల్ చేసేది వెనక పల్టీ, తల నేలకి తగలదు, చేతులు కూడా తగలవు. రెండిటికీ చాలా దూరం ఉంది. పేరు అందంగానే ఉంది, మార్చమని అనడం లేదు.

మా వాడి ఆటలో ఆ దెబ్బని మెల్లగా ఆపి ఆపి చూశాను. బొమ్మ గీసినవాళ్ళు నిజం పల్టీ చూసే గీశారు అనిపించింది. వెనక పల్టీలో మొదట రెండు చేతులూ కింద నుంచి చెవుల దాకా విసరాలి. ఎత్తు దాంతోనే వస్తుంది. చాలామంది మొదటిరోజు తల వెనక్కి పడేస్తారు, అప్పుడు ఎత్తు పోయి వెనక్కి పడిపోతారు. పైకి లేచాక మోకాళ్ళు ఛాతీకి లాక్కోవాలి. ముడుచుకుంటే వేగంగా తిరుగుతాం, విప్పితే నెమ్మదిస్తాం. గైల్ ఒక కాలు చాచి తిప్పుతాడు. కాలు చాచితే తిరగడం నెమ్మదిస్తుంది కాబట్టి అంతకంటే ఎత్తు గెంతాలి. నిజంగా చేసేవాళ్ళు ఉన్నారు. ట్రికింగ్ అని విన్యాసాలు చేసే కుర్రాళ్ళు, పల్టీలో ఒక కాలు విడదీసి తన్నడాన్ని ఫ్లాష్ కిక్ అనే అంటారు.

ఒక్క తేడా నాకు నచ్చలేదు. గైల్ గొంతుక్కూర్చున్న చోటు నుంచి ఊపు లేకుండా లేస్తాడు. మనిషి గొంతుక్కూర్చుని సెకను ఆగితే కాళ్ళలో స్ప్రింగు చచ్చిపోతుంది. దిగి ఆగకుండా వెంటనే లేస్తేనే ఎత్తు వస్తుంది. ఆటలో ఆగితేనే వస్తుంది, ఒంట్లో ఆగితే పోతుంది!

గుంటూరు_బూమ్ · ఆదివారం, సాయంత్రం 6:10

పద్మ గారూ, మీ చివరి పేరా చదివి మా అన్నకి ఫోన్ చేశాను.

అతను ఏడో తరగతిలో ఈ కిక్ నిజంగా వేయబోయాడు. మా వీధిలో కొత్త ఇల్లు కడుతుంటే ఇసుక కుప్ప పోశారు, నిలువెత్తు. అందరం చుట్టూ చేరాం. అతను ఇసుక మీద గొంతుక్కూర్చుని, ఆటలో లాగే ఆగాడు. మేం "కూర్చో... కూర్చో..." అని అరిచాం. "లే!" అనగానే లేచాడు. సగం తిరిగాడు. చెయ్యి కింద పడింది. ఎడమ మణికట్టు విరిగింది, నెలన్నర కట్టుతో తిరిగాడు. ఇప్పటికీ ఆ చెయ్యి వెనక్కి పూర్తిగా వంగదు. ఇసుక కదా ఏం కాదనుకున్నాం. ఇంట్లో మాత్రం సైకిల్ మీంచి పడ్డానని చెప్పాడు. మీరు చెప్పినట్టు ఆగకుండా ఉంటే తిరిగేవాడేమో అని ఫోన్లో అంటే చాలాసేపు నవ్వాడు.

పల్టీ_పద్మ · ఆదివారం, సాయంత్రం 6:32

అయ్యో! ఆగకపోయినా తిరిగేవాడు కాదు, దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. ఇసుక కాలిని పట్టేస్తుంది, ఎత్తు రానివ్వదు. మణికట్టుతో పోయింది కాబట్టి సరిపోయింది, ఆ పడటంలో మెడ కింద పడితే? మాకు పల్టీ నేర్పేటప్పుడు నడుం దగ్గర ఒక చెయ్యి, తొడ వెనక ఒక చెయ్యి వేసి మాస్టారు తిప్పేవారు. అలా మూడు నెలలు. ఆ తర్వాతే ఒంటరిగా.

బే_ఏరియా_బాలు · సోమవారం, ఉదయం 9:15

ఆలస్యంగా చూశాను. ఇక్కడ మాకు ఆదివారం రాత్రి. నేను వారం వారం స్థానిక టోర్నమెంట్లకి వెళ్తాను, గెలవడం తక్కువ, చూడటం ఎక్కువ. గైల్‌ని నేర్చుకునేవాళ్ళకి ఒక సలహా: పెద్ద ఆటగాళ్ళ మ్యాచ్‌లు చూడండి, కానీ పిల్లిమొగ్గల కోసం చూడకండి.

2016 క్యాప్‌కామ్ కప్ గెలిచిన నకుల్‌డు గైల్‌నీ, ఆర్. మికానీ వాడాడు. అది స్ట్రీట్ ఫైటర్ 5. గైల్ ఆ ఆటలోకి అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చాడు. 5లోనే తర్వాత డైగో కూడా గైల్‌కి మారాడు. నేను వీళ్ళని మొదటిసారి చూసినప్పుడు నిరాశపడ్డాను. ఒక రౌండ్ అంతా గడిచినా పిల్లిమొగ్గ ఒకటో రెండో. మూడోసారి చూసినప్పుడు ఎదుటివాణ్ణి చూశాను. అతను గెంతడం మానేశాడు. గెంతబోయి ఆగుతున్నాడు, నేల మీదే పాకుతున్నట్టు వస్తున్నాడు. పిల్లిమొగ్గ పడకుండానే పని చేస్తోంది. మొదటి రౌండ్‌లో ఒక్కటి గట్టిగా పడితే రెండో రౌండ్ అంతా ఆ భయంతోనే గడుస్తుంది.

కాబట్టి గుంటూరు గారూ, పదికి పది పడాలని లేదు. మొదటి గెంతుకి పడాలి. అది ముఖ్యం.

రాజు గారు పాత ఆట మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 1994 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 సూపర్ టర్బోలో గైల్ డబుల్ సమర్‌సాల్ట్ సూపర్ ఎవరికైనా పడేదా? కింద-వెనక్కి చార్జ్, తర్వాత కింద-ముందుకి, మళ్ళీ కింద-వెనక్కి, అక్కడి నుంచి పైకి-ముందుకి, కిక్. నాకు నెలకి ఒకటి పడేది.

రెట్రో_రాజు · సోమవారం, మధ్యాహ్నం 1:40

బాలు గారూ, షాపులో ఎప్పుడూ పడలేదు. ఆ మిషన్ రాడ్డుకి పైన గుండు ఊడిపోయి ఉత్త ఇనుప కడ్డీ మిగిలింది. కింద-ముందుకి మూలలో స్విచ్ అసలు పనిచేసేది కాదు. మీడియం కిక్ బటన్ లోపలికి పోతే గోటితో పైకి లాగాలి. సాయంత్రానికి అరచేతి మధ్యలో ఎర్రగా గుంట పడేది. ఆ కడ్డీతో మామూలు పిల్లిమొగ్గ పడటమే మాకు పండగ.

గైల్ కథ తెలియనివాళ్ళకి కొంచెం. ఈ దెబ్బ అతనిది కాదు, అతని స్నేహితుడిది. అమెరికా వైమానిక దళంలో చార్లీ నాష్ అని. బూమ్, కిక్ రెండూ అతని దగ్గర నేర్చుకున్నవే. బైసన్ వల్ల చార్లీ పోయాడని, ఆ పగతోనే గైల్ టోర్నమెంట్‌కి వస్తాడు. 1991లో చార్లీ పేరు మాత్రమే విన్నాం. 1995లో స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా వచ్చాక మనిషిని చూశాం. గైల్ రెండు చేతులూ విసిరి బూమ్ వేస్తాడు, చార్లీ ఒంటిచేత్తో వేసేస్తాడు. గురువు అంటే ఎలా ఉండాలో ఆ ఒక్క చెయ్యితో చూపించారు. స్ట్రీట్ ఫైటర్ 3లో గైల్ లేడు. 1999 థర్డ్ స్ట్రైక్‌లో రెమీ అనే కుర్రాడు వచ్చాడు, అతని దగ్గర బూమ్ లాంటిది, పిల్లిమొగ్గ లాంటిది రెండూ ఉన్నాయి. ఆ కూర్చుని లేచే పద్ధతిని వదులుకోలేక మనిషిని మార్చి ఉంచారని నా అభిప్రాయం.

ఎస్‌ఎన్‌కే అనే ఇంకో కంపెనీ వాళ్ళ 1992 ఆట ఫేటల్ ఫ్యూరీ 2లో కిమ్ కప్వాన్ వేసే హియెన్‌జాన్ కూడా కింద పట్టుకుని పైకి-కిక్కే. టైక్వాండో మనిషి. టెకెన్ ఆటలో మార్షల్ లా అనే పాత్ర కూడా వెనక పల్టీ కొట్టి తంతాడు, దానికి చార్జ్ అక్కర్లేదు. చూడ్డానికి అదే దెబ్బ, కానీ ఆగే పని లేకపోవడంతో నాకు అందులో ఆ రుచి దొరకలేదు.

కాజీపేట తమ్ముడికి ఒక వార్త: కెన్ భార్య, గైల్ భార్య అక్కచెల్లెళ్ళు. మీ కెన్, వీళ్ళ గైల్ తోడల్లుళ్ళు.

కాజీపేట_కెన్ · సోమవారం, సాయంత్రం 5:55

నిజమా! ఇన్నాళ్ళూ తోడల్లుడి మీద కోపం పెట్టుకున్నానన్నమాట. మా ఇంట్లో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు, సంక్రాంతికి పేకాటలో కూర్చుంటే లేవరు.

రిపోర్ట్: నిన్న రాత్రి ఆరు మంది గైల్‌లతో ఆడాను. అతను లేచి నడిచేదాకా ఓపిక పట్టాను. ఆరింటిలో నాలుగు గెలిచాను. నా చేతులు చెమట పట్టాయి. ఆగడం ఇంత కష్టమని తెలియదు.

చున్‌లీ_సిరి · సోమవారం, సాయంత్రం 6:30

గుంటూరు గారూ, మీరు ప్యాడ్ అన్నారు కదా. డి-ప్యాడ్ (దిక్కుల బటన్లు) మీద కింద-వెనక్కి నుంచి పైకి వెళ్ళడానికి బొటనవేలు ఎత్తి మళ్ళీ పెడుతున్నారా, జార్చుతున్నారా? నేను ఎత్తేదాన్ని, ఆలస్యం అయ్యేది. ఇప్పుడు బొటనవేలి కొన కిందకి ఆనించి, కణుపు పై బటన్ మీదకి వాలేలా పెట్టుకుంటాను. కొన ఎత్తగానే కణుపు పడుతుంది. నేరుగా పైకే వెళ్ళక్కర్లేదు, పైకి-వెనక్కి, పైకి-ముందుకి ఏదైనా పనిచేస్తుంది. బటన్ల కంట్రోలర్ వాడేవాళ్ళు మాత్రం కింద బటన్ వదిలాకే పైది నొక్కాలి. రెండూ కలిస్తే చాలావాటిలో ఒకదాన్నొకటి రద్దు చేసేస్తాయి.

చార్జ్_చంద్రం · సోమవారం, రాత్రి 8:02

సిరి చెప్పింది చాలా విలువైనది. దానికి ఒక అభ్యాసం జోడిస్తాను. ట్రైనింగ్‌లో బొమ్మని ఆగి ఆగి, వేర్వేరు సమయాల్లో గెంతేలా రికార్డ్ చేసి పెట్టండి. మీరు చేయాల్సింది కిక్ కొట్టడం కాదు, అది గెంతనప్పుడు కొట్టకుండా ఉండటం. గెంతు రాకపోతే కింద-వెనక్కే పట్టుకుని కింద-మీడియం కిక్ వేస్తూ ఉండండి. చార్జ్ పోదు. ఏదైనా దెబ్బ వేస్తున్నప్పుడు, గాల్లో ఉన్నప్పుడు కూడా కింద పట్టుకుంటే చార్జ్ నిండుతూనే ఉంటుంది. బూమ్ వేసిన మరుక్షణం మళ్ళీ కింద-వెనక్కి. గైల్ చేతులు ఇంకా చాచే ఉంటాయి, మీ బొటనవేలు అప్పటికే కూర్చుని ఉండాలి.

ఇది కుదిరాక పైకీ, కిక్కూ సరిగ్గా ఒకే క్షణంలో పడేలా చూడండి. 6లో అలా పడితే పర్ఫెక్ట్ రకం వస్తుంది. దాని గురించి ఇప్పుడే ఆలోచించకండి.

గుంటూరు_బూమ్ · బుధవారం, రాత్రి 10:50

మూడు రోజులు అభ్యాసం చేశాను. సిరి గారి కణుపు పద్ధతికి ఒక రోజు పట్టింది, చంద్రం గారి అభ్యాసానికి రెండు. ఇన్‌పుట్ డిస్‌ప్లేలో అంకెలు ఇప్పుడు 70, 85, ఒకసారి 99. వేలు వదలడం లేదు.

ఈ సాయంత్రం మా అన్న పిల్లలతో మా ఇంటికి వచ్చాడు. ఆన్‌లైన్ ర్యాంక్ మ్యాచ్, ఎదురుగా కెన్. (కాజీపేట తమ్ముడు కాదు కదా?) మొదటి రౌండ్ పోయింది. రెండోది చివరికి వచ్చింది, నా దగ్గర రెండు దెబ్బలంత ప్రాణం, అతని దగ్గరా అంతే. లైట్ బూమ్ వేసి కూర్చున్నాను. అతను గెంతడం లేదు. బూమ్ ఆపి మెల్లగా వస్తున్నాడు. ఇంకో బూమ్ వేయాలని వేలు లాగుతోంది. వెనక సోఫాలోంచి మా అన్న, పిల్లల ముందు, నలభై దాటిన మనిషి, "కూర్చో... కూర్చో..." అని మొదలుపెట్టాడు. పిల్లలు ఆయన్ని చూస్తున్నారు. కెన్ గెంతాడు. "లే!" అని అతను అరిచాడో నేను అరిచానో తెలియదు, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చేసింది. పడింది. కాలు గీసిన అర్ధచంద్రంలో కెన్ సరిగ్గా మధ్యలో దొరికాడు.

మూడో రౌండ్ ఓడిపోయాను. ఇప్పుడు కంట్రోలర్ అన్న చేతిలో ఉంది, ఎడమ మణికట్టు పూర్తిగా వంగదు కాబట్టి ప్యాడ్‌ని ఒడిలో పక్కకి తిప్పి పెట్టుకుని ఆడుతున్నాడు. పదికి రెండు పడుతున్నాయి. అతనికి ఇన్‌పుట్ డిస్‌ప్లే చూపించాలి. ఈ రాత్రికి ఇక్కడే ఉంటాడు.